ఖాళీ పెట్టె బరువు

మల్కాజ్‌గిరిలో డోరా టీచర్ ఇంట్లోంచి ఏది పోయినా, దాని బరువు మాత్రం పోదు. అత్తగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయినా ఆవిడ కుర్చీ జరపాలంటే ఇప్పటికీ ఇద్దరు పట్టాలి. పనిచేసే కాంతమణి రోజూ కుర్చీ చుట్టూ ఊడ్చేసి పోతుంది.

ఓ ఆదివారం అందరూ ఆరాధనకు వెళ్ళినప్పుడు ఇంట్లో దొంగలు పడ్డారు. బీరువా తాళం పగలగొట్టి ఉంది. డోరా అందులోంచి అమ్మ ఇచ్చిన నగల పెట్టె ఎత్తి చూసింది. ఎప్పటి బరువే. దేవునికి స్తోత్రం చెప్పుకుని, టీవీ ఒక్కటే పోయిందని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి వచ్చింది. మూత తీసి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. ఆ నగలు ఆమె ఎప్పుడూ వేసుకునేది కాదు, మనసు బాగోనప్పుడు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

కొన్ని నెలలకు భర్త జకర్యాకు గుండె ఆపరేషన్ తప్పదన్నారు. నగలు తాకట్టు పెడదామని మూత తీస్తే వెల్వెట్ గుడ్డ తప్ప ఏమీ లేదు.

"డబ్బా గింత బరువున్నది. పోయినయని ఎవలనుకుంటరమ్మా?" అంది కాంతమణి.

ఇంటి బీమా కంపెనీ అలా అనుకోలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంది. నగలు వేసుకున్న ఫొటో చూపించమంది. డోరావాళ్ళ సంఘంలో బంగారం పెట్టుకోరు. పెళ్ళి ఫొటోలో కూడా ఆమెది బోసి మెడే. ఇంట్లో జకర్యా రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు ఊపిరి అందడం లేదు. డోరాకు ప్రార్థన కూడా నోట రావడం మానేసింది.

చివరికి పెట్టెను ఆటోలో వేసుకుని బేగంపేటలో లాయర్ నాగజ్యోతి దగ్గరికి వెళ్ళింది. కాగితాలు పరుచుకోవడానికి చోటు చాలక నాగజ్యోతి పెట్టెను పక్కకు తోసింది. అది కదల్లేదు.

"ఇది ముందే చెప్పొద్దా ఆంటీ?" అంది.

వినియోగదారుల కమిషన్‌లో తక్కెడ తెప్పించి తూచారు. డోరా పెట్టెతో కలిపి రాసిచ్చిన తూకమే వచ్చింది. కంపెనీ లాయర్ చెప్పిన అభ్యంతరం ఒక్కటే, పెట్టె బరువు తీసేసి లెక్కకట్టాలని. అది న్యాయమేనని తీసేశారు. ఆలస్యంలో కూడా డోరా తప్పేమీ లేదన్నారు.

డబ్బు ఇచ్చేముందు కంపెనీ ఒక కాగితం మీద సంతకం అడిగింది. నాగజ్యోతి దాన్ని చివరిదాకా చదివింది.

"డబ్బు తీసుకున్నాక ఆ నగల మీద హక్కులన్నీ కంపెనీవే ఆంటీ. రేపు దొరికినా వాళ్ళవే. ఇప్పుడు మిగిలిన బరువూ వాళ్ళదే."

డోరా బయట బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చున్న జకర్యాను చూసింది. సంతకం పెట్టేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చిన రోజు సాయంత్రం, పక్క గదిలో జకర్యా కీర్తన ఎత్తుకున్నాడు, ఒక చరణం పూర్తిగా పాడాడు. డోరా పెట్టెను తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. ఒళ్ళో ఏదీ ఉన్నట్టే అనిపించలేదు. అమ్మ పోయి ఎన్నో ఏళ్ళయినా, డోరా అమ్మ కోసం ఏడ్చింది ఆ రోజే.