పాషాణం పూసిన తోలు

నేను ఒక ఎలుగుబంటిని. కాదు, అంత మాట అనకూడదు. ఎలుగుబంటి చచ్చి నూరేళ్లు కావస్తోంది. నేను దాని తోలును. లోపల గడ్డి, ఇనుపతీగలు, కర్రల చట్రం. కళ్లు గాజువి. అయినా మ్యూజియానికి వచ్చేవాళ్లు నన్ను చూడగానే పిల్లల్ని వెనక్కి లాక్కుంటారు. ఆ భయమొక్కటే నాకు మిగిలిన ఆస్తి.

ఇప్పపూలు ఏరుకు తింటున్న నన్ను ఒక జమీందారు పొదచాటు నుంచి కాల్చాడు. తర్వాత నా మీద కాలు పెట్టి ఫొటో దిగాడు. ఆ ఫొటో చూస్తే మేమిద్దరం ఒక పూటంతా కలియబడ్డామనిపిస్తుంది. నన్ను నిలబెట్టడానికి మైసూరు వైపు నుంచి పనివాణ్ణి పిలిపించారు. అతను తోలు ఒలిచి, లోపలి వైపంతా ఒక ముద్ద దట్టంగా పట్టించాడు. తెల్లపాషాణం, సబ్బు, కర్పూరం కలిపి నూరిన ముద్ద. చెదపురుగు నోరు పెడితే అక్కడే చావాలని. నా పని చేసినన్నాళ్లూ అతను అన్నం చెంచాతోనే తిన్నాడు. వెళ్లేముందు నా గాజుపెట్టెకు ఎర్ర అక్షరాల పలక తగిలించాడు: 'విషం. ముట్టుకోవద్దు.'

జమీందారీలు పోయాక ఆయన మనవలు నన్ను సర్కారుకు దానమిచ్చి, సభ పెట్టించి, దండలు వేయించుకున్నారు. ఇంట్లో చోటు చాలక ఇచ్చారన్నది సభలో ఎవరూ చెప్పలేదు. ఇక్కడ నా పక్కన సీసాలో రెండు తలల దూడ, ఎదురుగా సీసాల నిండా పాములు, గోడ పొడుగునా తిమింగలం పక్కటెముక. మేం శాస్త్రం చెప్పడానికి ఉన్నాం. జనం మాత్రం దూడకు దణ్ణం పెడతారు, పాముల ముందు చెంపలు వేసుకుంటారు, తిమింగలం ఎముక మీద తమ పేర్లు చెక్కి పోతారు.

ఆమధ్య ఎవరో మంత్రిగారు వస్తున్నారని క్యూరేటరు పెట్టెలన్నింటికీ రంగు వేయించాడు. ఎర్ర పలక చూసి, "పిల్లలు జడుసుకుంటారు, తీసెయ్" అన్నాడు. దాని చోట నా పేరు లాటిన్‌లో రాయించాడు. దాన్ని చదివినవాడు ఇంతవరకు రాలేదు.

ఈ గది ఊడ్చేది ఎర్నమ్మ. ఆమెకు ఇద్దరు బిడ్డలు పుట్టి దక్కలేదు. మూడోవాడు పుట్టగానే చేటలో వేసి పొరుగామె చేతికిచ్చి, గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. అలా కొన్న బిడ్డ జోలికి చావు రాదని వాళ్ల నమ్మకం. తవిటయ్య అని పేరు పెట్టింది. వాణ్ణి చంకనేసుకునే పనికొచ్చి, తిమింగలం ఎముక కింద గోనెపట్టా మీద పడుకోబెట్టి ఊడ్చేది. వాడికి పళ్లొచ్చే ఈడు. నన్ను చూసి నవ్వేవాడు. ఇన్నేళ్లలో నన్ను చూసి నవ్విన మనిషి వాడొక్కడే.

ఉన్నట్టుండి పిల్లవాడు నిద్రలో ఉలిక్కిపడి ఏడవడం మొదలుపెట్టాడు. ఎర్నమ్మ కాపలా చూసే గవరయ్య దగ్గరికి వచ్చింది.

"మావా, గుంటడు జడుసుకున్నాడు. ఎలుగు ఎంట్రుకలు కట్టమంతంది మా అత్త. ఎలుగుని ఆడించీవోలు ఇప్పుడు రారేటి?"

"ఎక్కడొస్తారే? సర్కారోలు ఆపించీసారు కదా."

"మరి ఇదుంది కదా!" అంటూ నా వైపు చూసింది.

గవరయ్య మంచివాడు. అదే వచ్చిన చిక్కు. "సారు సూత్తే నా ఉజ్జోగం ఊడిపోద్దే ఎర్నమ్మా" అంటూనే తాళం తీశాడు. "పోన్లే, నాలుగెంట్రుకలకి ఎలుగు బోడైపోద్దేటి!" అని తనే నవ్వుకున్నాడు. వెనక కాలి దగ్గర కుట్టు విచ్చి ఉంది. వెంట్రుకలు ఊడి రాకపోతే తోలుతో సహా చిన్న ముక్క కోశాడు. తెల్లటి పొడి రాలింది.

"ఈ బూడిదేటి మావా?"

"తాతలనాటిది. దుమ్ము పట్టదేటే?"

ఎర్నమ్మ ఆ ముక్కను గుడ్డలో మూటగట్టి, నల్లతాడుతో బిడ్డ మెడలో వేసింది. వాడు దాన్ని తిన్నగా నోట్లో పెట్టుకున్నాడు. పళ్లొచ్చే పిల్లవాడు మరేం చేస్తాడు?

వారం తిరక్కుండా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆస్పత్రిలో పొట్ట నొక్కి చూడటానికి డాక్టరు ఆ మూటను పక్కకు జరిపాడట. నీళ్లలో కలిపి పట్టే పొడి ఇచ్చి పంపాడు. ఎర్నమ్మ మళ్లీ నా ముందుకొచ్చింది.

"బయం గట్టిగా పట్టింది మావా. ఆ కాసిని సాల్లేదు."

"ఇంకా కోత్తే సారుకి తెలిసిపోద్దే!"

"నా గుంటడి కంటే ఎక్కువేటి నీకు ఈ గడ్డి ఎలుగు?"

గవరయ్య మళ్లీ తాళం తీశాడు. ఈసారి కాస్త పెద్ద ముక్కే కోశాడు. ఆ తర్వాత పిల్లవాడు నన్ను చూసి నవ్వలేదు. పాలు వద్దన్నాడు గానీ మూటను మాత్రం వదల్లేదు.

ఒకనాడు తాడు తెగి, మూట తిమింగలం ఎముక వెనక్కి జారిపోయింది. ఎవరూ చూడలేదు. బిడ్డ కొంచెం తేరుకున్నాడు, నాలుగు గుక్కలు పాలు తాగాడు. నా గడ్డి గుండెలో ఏదో కదిలినట్టయింది. "సూసినావా మావా, ఎంట్రుకలు పన్జేసినాయి!" అని ఎర్నమ్మ మురిసిపోతూ ఊడుస్తుంటే మూట చీపురుకు తగిలింది. "ఓలమ్మా, ఇదిక్కడ పడిపోనాదా!" అంటూ కళ్లకద్దుకుని, ఈసారి తాడు తెగకుండా రెండు పేటలు వేసి కట్టింది.

తర్వాత కొన్నాళ్లు ఎర్నమ్మ పనికి రాలేదు. వచ్చిననాడు ఆమె చంకలో ఎవరూ లేరు. గోనెపట్టాను మడిచి మూల పెట్టింది. నా పెట్టె ముందు నిలబడి గాజు మీద చెయ్యి ఆనించింది.

"సచ్చిన ఎలుగుకి సత్తువుండదంట మావా. మా అత్త అంతంది. బతికున్నదాని ఎంట్రుకలైతే నా బాబు దక్కీవోడు."

"నిజమేనే" అన్నాడు గవరయ్య, తల దించుకుని. "ఎంత పాతదో. దీని సత్తువ ఎప్పుడో పోయుంటాది."

నూరేళ్లలో నా సత్తువ రవ్వంత కూడా తరగలేదు. ఆ సంగతి చెప్పడానికి నాకున్నది సుద్దతో చేసి ఎర్రరంగు పూసిన నాలుక.

రెండోసారి కోసినప్పుడు గవరయ్య తన మనవరాలికని చిన్న ముక్క దాచుకున్నాడు. పొగాకు కాగితంలో చుట్టి చొక్కా జేబులో ఉంచాడు. ఇప్పుడు దాన్ని బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. సత్తువ లేనిదాన్ని పసిదాని మెడకు కట్టడమెందుకనుకున్నాడో ఏమో, చెత్తబుట్టలో వేశాడు.

ఎర్నమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని పారబోయడానికి వెళ్లింది.