సమాజం చేసిన మొదటి పెళ్ళి

ప్రార్థన సమాజం మొదలైంది ప్రెస్సు మీది గదిలో. విగ్రహం ఉండదు, కులం అడగరు, వేదమంత్రం ఎవరైనా చదవవచ్చు, అందరూ కలిసి చాపల మీదే కూర్చోవాలి. ఇవీ నియమాలు. గదికి ఫ్యాను లేదు కాబట్టి మొదట్లో గట్టి నమ్మకం ఉన్నవాళ్ళే వచ్చేవారు. తర్వాత ప్రెస్సాయన ఉపన్యాసాలు పేరు తెచ్చుకున్నాయి. జనం మెట్ల మీద కూడా కూర్చోవడం మొదలయ్యాక, వీధి చివర ఖాళీగా ఉన్న గోడౌను తీసుకుని సున్నం వేయించారు. వకీలుగారు అధ్యక్షులయ్యారు. సమాజానికి కుర్చీ అంటూ ఉన్నది ఆయనకొక్కరికే.

ప్రెస్సాయన తల్లి ప్రతి ఆదివారం తలుపు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకు కరపత్రాలు ఇచ్చేది. వాటిని ఇంట్లో మడిచేదీ ఆవిడే. ఆవిడ పక్కన గడియారాలు బాగుచేసే ఆయన కూర్చునేవాడు. ఊళ్ళో అందరి గడియారాలూ సరిచేసే ఆ మనిషి ప్రార్థనకు ఏనాడూ సమయానికి రాలేదు. అందుకే పిన్నా పెద్దా అంతా లేటు మామ అనేవారు. ఆలస్యంగా వచ్చినవాడికి తలుపు దగ్గరే చోటు దొరుకుతుంది.

ఆ ఏడు సమాజం వితంతు వివాహాల మీద కరపత్రం వేసింది. చదివినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. పక్కింట్లో తప్పకుండా జరగాల్సిన మంచి పని అని ఒప్పుకున్నారు. నెలలు గడిచినా ఒక్క పెళ్ళీ జరగలేదు. మాటలు కోటలు దాటుతున్నాయి గానీ కాళ్ళు గడప దాటడం లేదని గిట్టనివాళ్ళు నవ్వారు. వకీలుగారు నొచ్చుకుని ప్రెస్సాయన ఇంట్లో సమావేశం పెట్టారు.

"ఒక్క పెళ్ళి చాలండీ. ఎవరో ఒకరు ముందుకొస్తే దారి పడుతుంది" అన్నారాయన.

"నేను చేసుకుంటాను" అంది మూల కూర్చుని కాగితాలు మడుస్తున్న తల్లి.

"ఇప్పుడు టీ ఎందుకమ్మా, తాగే వచ్చాం" అన్నారు వకీలుగారు, సగమే విని.

"టీ కాదు. పెళ్ళి."

ప్రెస్సాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, అది వయసులో ఉన్నవాళ్ళ కోసం రాశాం."

"వయసు ఎక్కడా వేయలేదు నాయనా. చదవకుండా ఒక్క కాగితం మడవలేదు నేను."

అవసరమైన ప్రశ్న కోడలు అడిగింది. "ఎవర్ని అత్తయ్యా?"

"లేటు మామని."

వకీలుగారు చెప్పులు వేసుకున్నారు. సంస్కరణకైనా ఒక పద్ధతి ఉంటుందని గుమ్మంలో అని, అధ్యక్ష పదవికి రాజీనామా ఇస్తున్నానని వీధిలోకి వెళ్ళాక అన్నారు.

అందరూ వెళ్ళాక ప్రెస్సాయన తల్లి ఎదురుగా కూలబడ్డాడు. "నాన్న గుర్తు రాలేదా నీకు?"

"ఆయన పోయేనాటికి నువ్వింకా పాలు మానలేదు. అప్పట్నుంచీ గుర్తుపెట్టుకునే ఉన్నాను. ఇకముందూ గుర్తుంటాడు. మర్చిపోవడానికి చేసుకోవట్లేదు."

"మరెందుకు?"

ఆవిడ చేతిలోని కాగితం అంచు గోటితో ఒత్తింది. "ఆ మనిషితో ఆదివారాలే కాక మిగతా రోజుల్లో కూడా మాట్లాడాలని ఉంది."

దీనికి జవాబు అతని ఉపన్యాసాల్లో ఎక్కడా లేదు. మర్నాడు గడియారాల దుకాణానికి వెళ్ళాడు. లేటు మామ కంటికి భూతద్దం బిగించుకుని ఏదో చక్రం వెతుకుతున్నాడు.

"నేనడగలేదు బాబూ. ఆవిడే అడిగింది. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడం అప్పటికే అయిపోయింది గానీ, వెంటనే ఊ అంటే బాగుండదని."

"మీకు భయంగా లేదా?"

"ఉంది. మీ అమ్మగారికి లేదట. ఒకరికి లేకపోతే చాలనుకున్నాం."

ప్రెస్సాయనకు నవ్వొచ్చింది. నవ్వడం ఇష్టం లేక రోడ్డు వైపు చూశాడు.

పెళ్ళిరోజు మంత్రాలు చదవాల్సిన మాస్టారికి సరిగ్గా ఆ ఉదయమే జ్వరం తగిలింది. ఎవరైనా చదవవచ్చన్నది సమాజం నియమం. మిగిలినవాళ్ళు ప్రెస్సాయన వైపు చూశారు. అతను పుస్తకం తెరిచాడు. మొదటి మంత్రం దగ్గరే ఆగి, కోడలు తెచ్చిన నీళ్ళు తాగి చదివాడు. కన్యాదానం దగ్గర మళ్ళీ ఆగాడు. తల్లిని దానం చెయ్యడానికి ఆవిడ తండ్రి ఎప్పుడో పోయాడు. కొడుకు చేయవచ్చా అన్నది ఎవరికీ తెలియదు.

"నన్నెవరూ ఇవ్వక్కర్లేదు. నేనే వచ్చాను. పేజీ తిప్పు" అంది తల్లి.

అతను పేజీ తిప్పాడు. ఆ పుస్తకం తర్వాతి ముద్రణలో సమాజంవాళ్ళు ఆ ఘట్టం తీసేశారు.

పెళ్ళయ్యాక వచ్చిన చిక్కు వేరు. తల్లి మొగుణ్ణి మామ అంటే వరస కుదరదు, మామంటే తల్లికి అన్నదమ్ముడవుతాడు. నాన్న అనడానికి ప్రెస్సాయనకు నోరు రాలేదు. చివరికి కోడలే బాబాయని తేల్చింది. ఊరంతా అలవాటు మార్చుకోవడానికి కొంతకాలం పట్టింది.

సమాజంలో సగంమంది మానేశారు. గోడౌను బోసిపోయింది. గిట్టనివాళ్ళు గోడల మీద ఏవేవో రాశారు. తల్లి వచ్చి తలుపు దగ్గర ఎప్పటిలాగే కూర్చుంది. కొన్నాళ్ళకు ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. వంటల మధ్యలో, బట్టలారేసి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవారు. వాళ్ళు ఉపన్యాసం కోసం రాలేదన్న సంగతి ప్రెస్సాయన కాస్త ఆలస్యంగా గ్రహించాడు. తలుపు దగ్గర ఆగి, ఆవిడతో నాలుగు మాటలు చెప్పుకుని, ఆ తర్వాతే లోపలికి వచ్చేవారు. చాపలు మళ్ళీ చాలలేదు.

ఒక ఆదివారం వకీలుగారు వచ్చారు. వెంట కూతురు. భర్త పోయి పుట్టింటికి చేరినప్పట్నుంచీ ఆ అమ్మాయి వీధి మొహం చూడలేదు. ఆయన ప్రెస్సాయనను దాటి నేరుగా తల్లి దగ్గర ఆగారు.

"అమ్మా, మా అమ్మాయికి మీరు నచ్చజెప్పాలి. సంబంధం కూడా చూశాను."

"తనకేం కావాలో అడిగారా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "లేదు."

తల్లి ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంది. గడియారాలాయన లేచి తన చోటిచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అదే ప్రశ్న తల్లి అడిగితే అమ్మాయి నేల చూస్తూ చెప్పింది, "నాకు పెళ్ళొద్దు. చదువుకుంటాను."

వకీలుగారు తలుపు పట్టుకున్నారు. పెళ్ళికి మనసు రాయి చేసుకుని వచ్చిన మనిషి, చదువుకు సిద్ధపడి రాలేదు. "దాని మీద కరపత్రమేదైనా ఉందా?" అన్నారు ప్రెస్సాయనతో.

"లేదండీ. వేద్దాం."

ఆ వారం ప్రార్థన చదవమని తల్లి ఆ అమ్మాయికే పుస్తకం ఇచ్చింది. గొంతు బొత్తిగా పైకి రాలేదు. వెనక ఉన్నవాళ్ళు వినడానికి చాపలు చుట్టుకుని ముందుకు జరిగారు.