టైటస్ కరెంటు వ్యాను

విడవలూరులో టైటస్ వ్యానుకు నలభై ఏళ్లు దాటాయి. ఆదివారం పొద్దున నడవలేని ముసలివాళ్లను చర్చికి చేర్చడం దాని పని. కానీ నలుగురు వంగి తోస్తే గానీ అది లేచేది కాదు. ఆ నలుగురిలో ఒకడు పక్కింటి మాథ్యూ, టైటస్ భార్య రెజీనాకు తోడబుట్టిన అన్న.

బావాబావమరుదులకు మూడేళ్లుగా మాటల్లేవు. మాథ్యూ కూతురి పెళ్లిలో చేపల పులుసులో మామిడికాయ ముక్క కనపడలేదని టైటస్ పంక్తిలో అందరి ముందూ అనేశాడు. ఆ దెబ్బతో మాథ్యూ చర్చి కూడా మార్చేశాడు. ముందు మాట్లాడినవాడు ఓడినట్టేనని ఇద్దరికీ పట్టుదల. మగవాళ్ల పౌరుషానికి మామిడికాయ ముక్క చాలు మరి. మధ్యలో నలిగింది రెజీనా. మొగుడు పోనివ్వడు, అన్న పిలవడు. అయితే వ్యాను తోయడం దేవుడి పని కాబట్టి అది లెక్కలోకి రాదని మాథ్యూ వాదన. తోసి, చేతులు దులుపుకుంటూ, "బాగుండావామ్మే?" అని చెల్లెల్ని అడిగి పోయేవాడు. ఆ ఒక్క మాట కోసం రెజీనా వారమంతా ఎదురుచూసేది.

అలాంటిది టైటస్‌కు కరెంటు పిచ్చి పట్టింది. రొయ్యల గుంటల మోటార్లు బాగుచేసే చెయ్యి ఊరుకుంటుందా? వ్యానును వాకిట్లో విప్పి పరిచాడు. డీజిల్ ఇంజను దించి, మోటారు బిగించి, సీట్ల కింద బ్యాటరీలు పేర్చాడు. ఆరు వారాలు పట్టింది. తోసే పని లేక మాథ్యూ ఇటు తొంగిచూడలేదు. బండి తయారైతే వస్తాడులే అని రెజీనా రోజులు లెక్కపెట్టింది, పిచ్చిది.

తొలి ఆదివారం మాథ్యూ లుంగీ ఎగ్గట్టి వచ్చి వెనక నిలబడ్డాడు. టైటస్ తాళం తిప్పాడు. వ్యాను చప్పుడు లేకుండా ముందుకు పోయింది. ముసలివాళ్లు "స్తోత్రం" అన్నారు. చాచిన చేతులు చాచినట్టే ఉండగా మాథ్యూ కాసేపు నిలబడి, చెల్లెల్ని పలకరించకుండానే వెళ్లిపోయాడు. రెజీనాకు ఏడుపు ఆగలేదు. మరుసటి వారం అతను రానేలేదు.

మూడో ఆదివారం రెజీనా ఎవరూ చూడకుండా సీటు కింది మోటారు స్విచ్చు దించేసింది.

టైటస్ తాళం తిప్పితే బండి ఉలకలేదు, పలకలేదు. సీటెత్తి చూశాడు. భార్య వంక చూశాడు. ఆమె కొంగు సర్దుకుంది. అతను స్విచ్చు ముట్టుకోకుండా సీటు మూసేసి, పక్కింటికి వినపడేలా కేకేశాడు.

"తొయ్యాల! ఎవురన్నా రండి!"

"కరెంటు బండి తోస్తే లేస్తాదా నాయనా?" అంది లోపల కూర్చున్న ఎస్తేరమ్మ.

"అత్తా, నువ్వు గమ్మునుండు."

మాథ్యూ పరుగులాంటి నడకతో వచ్చాడు. మొహం వెలిగిపోతున్నా చిరాకు పడుతున్నట్టు నటించాడు. ఇంకో ముగ్గురు చేరారు. ఒంట్లో సత్తువంతా పెట్టి తోశారు. బండి అంగుళం కదల్లేదు. ముగ్గురూ ఆయాసంతో కూలబడ్డారు. మాథ్యూ వంగి చక్రం చూశాడు, వెనక వెలుగుతున్న ఎర్రలైటు చూశాడు. చరచరా వచ్చి కిటికీలో తల పెట్టాడు.

"నీకు బుద్ధుండాదా బావా? బ్రేకు మీద కాలు తియ్యి!"

టైటస్ కాలు తీయలేదు. "ముందు మాట్లాడినోడు ఎవురు?" అన్నాడు పళ్లికిలిస్తూ.

రెజీనా నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ తలుపు తీసింది. "ఎక్కన్నా."

"నేనెక్కితే దీన్ని తోసేదెవురు?"

"స్విచ్చు ఎవురు దించినారో నీ చెల్లెల్ని అడుగు," అన్నాడు టైటస్.

మాథ్యూ చెల్లెలి వంక చూశాడు. లుంగీతోనే ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు.