ఆరని సెల్లారు

మెట్ల పైన నిలబడి అన్నగారు ఫోన్లో మేస్త్రీతో అన్న మాట ఇది: "కింద గదిలో చెమ్మ చేరిందయ్యా. ఎలాగైనా వెళ్ళగొట్టాలి. ఇల్లంతా పాడైపోతోంది."

మెట్ల కింద కుట్టుమిషన్ తొక్కుతున్న చెల్లెలికి, ఆ టకటకల మధ్య వినబడిన మాట ఇది: "కింద గదిలో చెల్లెమ్మ చేరిందయ్యా. ఎలాగైనా వెళ్ళగొట్టాలి."

మిషన్ ఆగింది. మనిషి లేచింది.

ఆ గదికి పేరులో 'ఆరు' ఉందన్న మాటే గానీ, సగం నేలలోకి దిగి, ఏడాదిలో ఒక్కరోజూ ఆరని సెల్లారు అది. తన కుట్టు దుకాణం మూతపడ్డాక ఆమె రెండు మిషన్లతో అందులోకి దిగింది. పడకా అక్కడే, పనీ అక్కడే. కుట్టి పంపిన జాకెట్లు బూజు వాసనంటూ తిరిగొస్తున్నాయి. ఇప్పుడు ఆ గది కూడా పోతే మిషన్లు నెత్తిన పెట్టుకుని వీధిలో నిలబడాల్సిందే.

"అన్నయ్యా! నన్ను వెళ్ళగొట్టాలనుంటే నా మొహం మీద చెప్పు! మేస్త్రీతో చెప్పడమేంటి? తాపీతో గోకి పారేయిస్తావా నన్ను?"

అన్నగారు నోరు తెరిచేలోగా వంటింట్లోంచి వదినగారు ఊడిపడింది. పేరుకే వదిన, పట్టుకుంటే వదలదు.

"చెప్పాల్సిందే! నువ్వు దిగాకే ఆ గోడ తడిసింది. పొద్దస్తమానం ఆవిరి ఇస్త్రీ! తడిగుడ్డలన్నీ లోపలే ఆరేస్తావు! పో, వేరే గది చూసుకో!"

"నా ఆవిరా? ఆ గదిలో నా ఆయుష్షే ఆవిరైపోతోంది!"

"మరి తడి ఎక్కణ్ణించి ఊడిపడిందమ్మా?"

"రా, చూపిస్తా. బస్సు అద్దం మసకేస్తే ఏ వైపు తుడుస్తావ్? మనుషుల ఊపిరైతే లోపల, వానైతే బయట. గోడకీ అంతే."

బట్టల తానుకి చుట్టిన ప్లాస్టిక్ కవరు కత్తిరించింది. గోడని పొడిగుడ్డతో రుద్దిరుద్ది తుడిచి, కవరు పరిచి, నాలుగంచులా టేపు కొట్టింది.

"నా ఆవిరైతే కవరు మీద తడి పడుతుంది. మిషన్లు మోసుకుని నేనే పోతా. గోడలోంచి వస్తుంటే కవరు వెనక పడుతుంది. అప్పుడు నువ్వు నోరు మూసుకోవాలి."

రెండు రోజులు ఆ ఇంట్లో అన్నం కన్నా మొహాలే ఎక్కువ ఉడికాయి. అన్నగారు ఏదో చెప్పబోయినప్పుడల్లా ఇద్దరూ కసిరి కూర్చోబెట్టారు. మూడోరోజు అరుపులకి పక్కింటి బాబాయ్ కూడా దిగొచ్చాడు. చెల్లెలు కవరు మీద అరచేత్తో రాసింది. పొడి. టేపు పట్టి పీకింది. వెనక నీళ్ళు బొట్లుబొట్లుగా జారాయి. గోడ చెమర్చింది గానీ వదినగారి కన్ను చెమర్చలేదు.

"ఇటు చూడు, రంగు పొంగి తెల్లగా ఉప్పు పూసింది, నా నడుం దాకా! ఆ పైన గోడ పొడే. బాబాయ్, ఈ గోడకి అవతల ఏముంది?"

"ఏముందమ్మా, మీ వదిన పూలపాదులు. గోడకి ఆనించి మట్టి గుట్ట పోసింది, సరిగ్గా ఆ ఉప్పు గీత దాకా. వాలు కూడా ఇంటివైపే. రెండుపూటలా పైపు పెడుతుంది. డాబా గొట్టం నీళ్ళూ అక్కడే పడతాయి."

"విన్నావా వదినా? పాదుల్లో నీళ్ళు పోసింది నువ్వు, అపవాదు మోసింది నేను!"

"కావాలని పోశానా ఏంటి..." వదినగారి గొంతు తగ్గింది.

"నువ్వు చెప్పన్నయ్యా! చెల్లెమ్మని వెళ్ళగొట్టాలన్నావుగా?"

అన్నగారు బిత్తరపోయాడు. "చెల్లెమ్మనా? చెమ్మని అన్నానే తల్లీ! చెమ్మ! తడి! మేస్త్రీతో ఇంకేం మాట్లాడతాను? నీ మిషన్ చప్పుడు మధ్యలో ఓ 'ల్లె' కుట్టేసింది!"

బాబాయ్ నవ్వబోయి, ఆమె మొహం చూసి దగ్గులోకి మార్చుకున్నాడు.

"సరే, నువ్వు చెమ్మనే అన్నావు. వదిన మాత్రం నన్నే అంది. ఆ మాట నాకు సరిగ్గానే వినబడింది."

మూలనున్న పార తీసి వదినగారి చేతిలో పెట్టింది.

"పద, వెళ్ళగొట్టు చెమ్మని. పాదుల దగ్గర మొదలెట్టు."