బండ్ల దారిలో అత్తగారు

మనుషులకూ యంత్రాలకూ మధ్య వచ్చే తగవులు తీర్చడం ఆమె ఉద్యోగం. ఆ నగరంలో పేటకొక సర్దుబాటు కార్యాలయం ఉంది. లిఫ్టు పెడసరంగా మాట్లాడిందని ఒకాయన వస్తాడు. ఆయనే ముందు తన్నాడని లిఫ్టు కబురు పంపుతుంది. ఇద్దరూ చెప్పింది విని, ఇద్దరికీ నచ్చని తీర్పు చెప్పి పంపేసరికి ఆమెకు రోజూ తల వాచిపోయేది.

ఆ బుధవారం మొదటి ఫిర్యాదు వీధిది. అంటే, పేటలోని వీధులన్నిటినీ నడిపే యంత్రానిది. గోడమీది పెట్టెలోంచి దాని గొంతు మర్యాదగా పలికింది.

“సరుకుల బండ్ల దారికి అడ్డంగా ఒక పెద్దావిడ కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారండీ. ఇవాళ మూడో రోజు. ప్రస్తుతం ముప్పై ఒక్క బండ్లు ఆగి ఉన్నాయి.”

“మూడు రోజుల్నుంచి మీరేం చేస్తున్నారు?”

“ఆగుతున్నామండీ.”

“కాస్త లేవమని అడగలేకపోయారా?”

“మనిషి అడ్డుంటే బండ్లు ఆగాలి, మనిషిని ఏమీ అడగకూడదు. ఆ నిబంధన మీ కార్యాలయమే పెట్టిందండీ.”

ఆమె నుదురు రుద్దుకుంది. “సరే, ఎక్కడో చెప్పు.”

వీధి చెప్పిన చిరునామా ఆమె ఇంటిదే.

గబగబా నడిచి వెళ్ళేసరికి, నడుము ఎత్తు బండ్లు సందు చివరిదాకా చప్పుడు లేకుండా బారులు తీరి ఉన్నాయి. వాటి ముందు, వంటింటి కుర్చీలో, ఒక చేత్తో గొడుగు పట్టుకుని అత్తగారు. ఒళ్ళో గిన్నె, గిన్నెలో వలిచిన బఠానీలు.

“అత్తయ్యా, ఏంటిది? లోపలికి రండి.”

“బుంగను తెప్పించు, వస్తాను.”

బుంగ అంటే ఆ సందు ఊడ్చే యంత్రం. గుండ్రంగా ఉంటుందని ఆవిడే పెట్టిన పేరు. పదకొండేళ్ళుగా రోజూ పదింటికి ఊడుస్తూ వచ్చి వాళ్ళ గుమ్మం ముందు ఆగేది. మోకాలు ఎలా ఉందని అడిగేది, ఆవిడకు రాత్రి వచ్చిన కల వినేది. పోయిన వారం దాన్ని వేరే పేటకు బదిలీ చేశారు. దాని బదులు వచ్చిన సన్నటి యంత్రం ఊడ్చుకుంటూ చక్కా పోతోంది.

కోడలు ఫోన్ తీసి వీధిని నిలదీసింది.

“బుంగ జ్ఞాపకాలన్నీ కొత్తదానిలో పెట్టామండీ,” అంది వీధి. “పెద్దావిడ మోకాలి సంగతి కూడా దానికి తెలుసు.”

“తెలిసి ఆగదేం?”

“ఆగడం దాని పనిలో లేదండీ. నిజానికి బుంగ పనిలోనూ లేదు. అది తనంతట తానే ఆగేది. రోజూ పది నిమిషాలు ఆలస్యమవుతోందనే బదిలీ చేశాం.”

“అయితే నేను చెప్తున్నాను. కొత్తదాన్ని పది నిమిషాలు ఆగమను. ఇప్పుడే.”

కొత్త యంత్రం వచ్చింది. ఆగింది. “మీ మోకాలు ఎలా ఉందమ్మా?” అని అడిగింది. అత్తగారు దాన్ని ఎగాదిగా చూసి కోడలి వైపు తిరిగింది.

“నువ్వు చెప్పి ఆపించావు కదూ?”

“ఎవరు చెప్తేనేం? ఆగింది కదా.”

“పోలీసులు పిలిపిస్తే వచ్చినట్టు నిలబడింది. పొమ్మను.”

కోడలికి ఒళ్ళు మండిపోయింది. “అత్తయ్యా, అక్కడ ఆఫీసులో జనం నాకోసం కాచుకుని ఉన్నారు. మీ అబ్బాయి ఫోన్ ఎత్తడు. వాళ్ళకూ నేనే, వీళ్ళకూ నేనే, మీకూ నేనే. నేనేం చెయ్యాలో మీరే చెప్పండి.”

“మూడు రోజులైంది,” అంది అత్తగారు, గొంతు పెంచకుండానే. “ఇక్కడ ఎందుకు కూర్చున్నావని ఒక్కరు అడిగారా? ఈ బండ్లన్నీ శవం ముందు నిలబడ్డట్టు నిలబడ్డాయి. నువ్వూ అంతే. ఫిర్యాదు వస్తే వచ్చావు.”

ఆ మాట కోడలికి సూటిగా తగిలింది. పేట నిబంధనలు మార్చే అధికారం తనకుంది. ఫోన్‌లోనే ఆ నిబంధన తెరిచి, ‘ఏమీ అడగకూడదు’ అన్నది కొట్టేసి ‘మర్యాదగా అడగవచ్చు’ అని రాసింది.

ముందున్న బండి వెంటనే నోరు విప్పింది.

“అమ్మగారూ, ఇవి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన దుప్పట్లు. కాస్త దారి ఇస్తారా?”

“ఎన్ని?”

“అరవై అండీ.”

“అయ్యో, పొద్దున్నుంచి నిలబడ్డావు, ముందే చెప్పొద్దూ?” అంటూ అత్తగారు మోకాలు పట్టుకుని లేచి, కుర్చీ గోడవైపు జరిపింది.

ఇక అన్నీ వరసగా కదిలిపోతాయని కోడలు ఊపిరి పీల్చుకుంది. రెండో బండి ముందుకొచ్చి, దారి ఖాళీగా ఉన్నా సరే, వెళ్ళవచ్చా అని అడిగింది. నీలో ఏముందని అత్తగారు అడిగింది. తలుపు గొళ్ళాలు. ఎవరింటికి? చెప్పింది. వాళ్ళ పిల్లకు జ్వరం తగ్గిందా? దానికి తెలియదు, కనుక్కుని వస్తానంది. ముప్పై ఒకటో బండి దాటేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. కోడలు అప్పటికే ఆఫీసుకు వెళ్ళి అందరిచేతా చీవాట్లు తింది.

బుంగ కోసం అవతలి పేటకు కూడా ఫోన్ చేసింది. అక్కడ ఒంటరిగా ఉండే ఒక ముసలాయన దాన్ని వదిలేది లేదని కూర్చున్నాడట.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పింది. అత్తగారు కంచంలో వేలు తిప్పింది.

“ఉండనీ పాపం,” అంది. “దానితో మాట్లాడతాడటా ఆయన?”

“ఆపకుండా మాట్లాడతాడట.”

“అయితే మంచిదే.” మజ్జిగ కలుపుకుంటూ, “అమ్మాయ్, మలుపు దగ్గర గుంత ఉందట. బండ్లన్నీ ఎగిరి పడుతున్నాయట. రాసుకో.”

“అత్తయ్యా, నేను అన్నం తింటున్నాను.”

“ఎడమ చేత్తో రాసుకో. బండ్లు చెప్పినవి ఇంకా ఆరున్నాయి.”

కోడలు భర్త వంక చూసింది. అతను తల వంచుకుని తింటున్నాడు. ఆమె పళ్ళు బిగించి, ఎడమ చేత్తో ఫోన్ దగ్గరకు లాక్కుంది.

“చెప్పండి,” అంది.