మెల్లగా మూసిన బోల్టు

మోంటానాలో ఆ కొండల కింద తుపాకి లేని ఇల్లు లేదు, తుపాకి గురించి అభిప్రాయం లేని నోరూ లేదు. అందరిలోకీ పెద్ద నోరు ఎల్డన్ ఆస్ట్‌బీది. ముప్పై ఏళ్లుగా పెరటి షెడ్డులో తుపాకులు బాగుచేస్తున్న మనిషి. ఇటలీ షాట్‌గన్‌ని చూసి అచ్చు దించినట్టు చేసి, టర్కీ నుంచి చవగ్గా పంపుతున్నారే, అవి కొనొచ్చా అని ఎవరడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు ఉండేది.

"కంచెకి గుంజ తక్కువైతే కొనుక్కో."

ఆ మాట తెలిసి కూడా, తమ్ముడు డ్వైట్‌కి యాభై నిండిన రోజున అతని భార్య నోరీన్ అలాంటిదే తెప్పించింది. ఆవులు మేసే వాగు పక్కన చోక్‌చెర్రీ పళ్ల పొదల్లోకి ఎలుగులు దిగడం మొదలైంది. మొగుడు కుందేళ్లని కొట్టే చిన్న తుపాకితో ఆ పొదల్లో తిరుగుతుంటే ఆమెకు అన్నం సహించలేదు. ఇటలీది కొనే స్తోమత వాళ్లకు లేదు.

కేకు కోయకముందే ఎల్డన్ దాన్ని చేతిలోకి తీసుకుని, తూటాని లోపలికి తోసి గొట్టం మూసే బోల్టుని ఒకసారి లాగి చూసి ముఖం చిట్లించాడు.

"ఇది తుపాకి కాదురా, తుపాకి ఫోటో."

"నాకు చాల్లే అన్నా. ఎలుగుబంటి తుపాకి మీద పేరు చదివి భయపడదుగా!" అని డ్వైట్ నవ్వాడు.

"సరే, నీ ఖర్మ. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఈ బోల్టుని ఠపామని వదలకు. మెత్తటి ఇనుము, నాలుగు రోజుల్లో అరిగిపోద్ది. చేత్తో పట్టుకుని మెల్లగా మూయి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు."

డ్వైట్ అన్న మాట జవదాటే రకం కాదు. తర్వాతి నాలుగేళ్లూ అలాగే మూశాడు.

ఆదివారం చర్చి అయ్యాక కంకర గుంత దగ్గర మట్టి పళ్లేలు ఎగరేసి కాల్చడం ఆ ఊరి సరదా. అక్కడ డ్వైట్ మొదటి దెబ్బ అప్పుడప్పుడూ పేలేది కాదు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమనేది, అంతే. విసుగొచ్చి బోల్టు మళ్లీ లాగి వదిలితే పేలేది, ఆ తర్వాత బోల్టు తనంతట తనే ఆడుతూ మిగతావన్నీ వరసగా పేలేవి.

"టర్కీకి దగ్గొచ్చిందిరోయ్!" అని ఎల్డన్ కేకేసేవాడు. అందరూ నవ్వేవారు. డ్వైట్ కూడా నవ్వేవాడు.

"ఒకసారి విప్పి చూడరాదా అన్నా?"

"ఆ చెత్తని నా బల్లమీద పెడితే నా పనిముట్లు అలుగుతాయిరా."

అలా ముప్పై ఏళ్ల అనుభవం నాలుగేళ్లపాటు కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

సెప్టెంబరులో ఒక పొద్దున ఒక ఆవు వాగు దగ్గర్నుంచి ఒంటరిగా, దూడ లేకుండా తిరిగొచ్చింది. భార్యాభర్తలు పికప్‌లో వెళ్లారు. బండిలో ఉన్నంతసేపూ తుపాకి ఖాళీగానే ఉంచడం అక్కడివాళ్ల పద్ధతి. డ్వైట్ కిందికి దిగి, తూటాలు నింపి, బోల్టు చేత్తో పట్టుకుని మెల్లగా మూసి పొదలవైపు నడిచాడు. చచ్చిన దూడ మీదనుంచి ఎలుగు లేచి వచ్చింది. నోరీన్ బండి అద్దం దించుకుని కూర్చుంది. ఆమెకు టిక్కుమన్న చప్పుడు వినిపించింది. రెండోసారి బోల్టు లాగే వ్యవధి అతనికి దొరకలేదు. ఆమె హారన్ మీద రెండు చేతులూ వేసి నొక్కుతూనే ఉంది. ఎలుగు వెళ్లిపోయేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

అంత్యక్రియల తర్వాత చర్చి కింది హాల్లో ఆడవాళ్లు గిన్నెల అడుగున తమ పేర్లు అతికించి తెచ్చిన వంటకాలు చల్లారిపోతున్నాయి. మూల మూలకీ ఒకటే మాట. "చవకదానికి పోతే ప్రాణానికొచ్చింది." నోరీన్ అటుగా వస్తే మాట మారేది. ఆమెకు చెవుడేం లేదు. ఎల్డన్‌కీ వినిపించింది. నేను ముందే చెప్పానుగా అని లోపల ఎక్కడో అనిపించింది కూడా. ఆ తర్వాత అన్నిటికన్నా ఎక్కువగా తనని తాను అసహ్యించుకున్నది ఆ ఒక్క క్షణానికే.

షెరీఫ్ ఆఫీసువాళ్లు తుపాకి తిరిగి ఇచ్చాక నోరీన్ దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చి షెడ్డు గుమ్మంలో పెట్టింది.

"ముక్కలు చెయ్యి ఎల్డన్. నా చేత్తో కొన్నాను. మళ్లీ నా కంటపడకూడదు."

రంపం తీసుకున్నాడు. కోసేముందు ఎందుకు పేలలేదో చూద్దామని మొదటిసారి దాన్ని తన బల్లమీద పెట్టాడు. విప్పాడు. ఎక్కడా విరిగింది లేదు, అరిగింది లేదు. ఇనుము గట్టిగానే ఉంది. మళ్లీ బిగించి, తన అలవాటు చొప్పున బోల్టు లాగి వదులుతూ పెరట్లో ఇరవై తూటాలు కాల్చాడు. ఇరవైకి ఇరవై పేలాయి. అప్పుడు తన నోటినుంచి వచ్చిన మాట గుర్తొచ్చి, బోల్టు చేత్తో పట్టుకుని మెల్లగా మూసి నొక్కాడు.

టిక్.

గోడకున్న తన ఇటలీ తుపాకి దించాడు. అదీ అంతే మెల్లగా మూశాడు. అదీ టిక్కుమంది. ఈ రకం తుపాకుల్లో బోల్టు విసురుగా మూసుకుంటేనే దాని తల తిరిగి గాడిలో పడుతుంది. మెల్లగా మూస్తే ఒక్కోసారి వెంట్రుకవాసి బయట ఉండిపోయి తూటా పేలదు. రెండిటికీ తేడా లేదు. ఎల్డన్ రెండు తుపాకుల్నీ బల్లమీద పక్కపక్కనే పెట్టాడు.

రంపం అక్కడే ఉంది. కోసేస్తే ఎవరికీ తెలియదు. ఊరు ఎలాగూ తీర్పు చెప్పేసింది. కానీ ఆ తీర్పు మోస్తున్నది నోరీన్.

మర్నాడు పొద్దున్నే ఆమెను షెడ్డుకు పిలిచాడు. రెండు తుపాకులూ, రెండు విధాలా మూసి చూపించాడు.

"దీని తప్పేం లేదు నోరీన్. నీ తప్పూ లేదు. మెల్లగా మూయమని వాడికి చెప్పింది నేను. దగ్గుతోందని నలుగుర్లో నవ్వాను గానీ విప్పి చూళ్లేదు."

ఆమె భర్త తుపాకి చేతిలోకి తీసుకుంది.

"ఎలా మూయాలో మళ్లీ చెప్పు. రేపట్నుంచి ఆ పొదల్లోకి వెళ్లాల్సింది నేనే."

"వెనక్కి లాగి వదిలెయ్. అంతే."

లాగి వదిలింది. ఠపామని మూసుకుంది.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఈ ఒక్క ముక్క చెప్పడానికి నీకు నాలుగేళ్లు చాల్లేదా?"

ఆమె ఏడుస్తూ మళ్లీ లాగి వదిలింది. మళ్లీ. మళ్లీ. ప్రతి చప్పుడుకీ ఎల్డన్ ఉలిక్కిపడ్డాడు, చాలమ్మా అని మాత్రం అనలేకపోయాడు.