పాముకి వేసిన కాళ్లు

ముదీర్‌కి, అంటే మేనేజర్‌కి, రాజీనామా ఉత్తరం ఇచ్చి నాలుగు రోజులైంది. స్టోర్‌లో యేసురత్నానికి నిలబడితే కూర్చోవాలనిపిస్తోంది, కూర్చుంటే లేచి కిటికీ దగ్గరకు వెళ్లాలనిపిస్తోంది. ఆఫీసు మేడమెట్లు ఆ కిటికీలోంచే కనబడతాయి.

అది 2014. అబుదాబి పారిశ్రామికవాడ ఐకాడ్‌లోని ఒక పైపుల ఫ్యాక్టరీలో అతను ఎనిమిదేళ్లుగా స్టోర్ కీపర్. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. ఇన్నాళ్లకు దుబాయ్‌లో ఒక కంపెనీ ఆఫీసు ఉద్యోగం ఇస్తానంది. ఒకటో తారీఖున చేరాలి. ముదీర్ అభ్యంతరం లేదని రాసిస్తేనే చేరగలడు. లేకపోతే ఆరు నెలలు ఈ దేశంలో మరో పని చేయడానికి లేదు. ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

మిషన్లు బిగించడానికి వచ్చిన చైనా ఇంజనీరు ఫాంగ్ టీ వేళకు అతని దగ్గరే కూర్చుంటాడు. క్యాంపులో నేర్చుకున్న హిందీలో మాట్లాడతాడు. వాళ్ల భాషలో నాలుగేసి అక్షరాల మాటలుంటాయట, ఒక్కోదాని కడుపులో ఒక్కో కథ. పులిని వెనక నడిపించుకుని, జంతువులన్నీ పారిపోయేది తనను చూసేనని ఆ పులినే నమ్మించిన నక్క కథ అలాంటిదే. ముదీర్ పక్కనే నడిచే ఫోర్‌మన్‌కి ఇద్దరూ ఆ పేరే పెట్టుకున్నారు.

ఆ రోజు ఫాంగ్ కిటికీ వైపు చూశాడు. "మొద్దు దగ్గర కూర్చున్నావా భాయ్?"

ఒక కుందేలు పరిగెత్తుకొచ్చి చెట్టు మొద్దుకి గుద్దుకుని చచ్చిందట. అది దొరికిన రైతు నాగలి వదిలేసి, మరో కుందేలు వస్తుందని ఆ మొద్దు దగ్గరే కూర్చున్నాడట. చేను కాస్తా పాడుబడిందట.

యేసురత్నానికి నవ్వు రాలేదు. జేబులోంచి ఉత్తరం నకలు తీసి చదివి చెప్పాడు. రాజీనామా చేస్తున్నాను, అభ్యంతరం లేదని పత్రం ఇప్పించండి. అక్కడితో ఆపేస్తే పొగరుగా ఉంటుందనిపించింది అతనికి. ఎనిమిదేళ్లు అన్నం పెట్టిన చోటు. అందుకని కింద ఇంకో వాక్యం చేర్చాడు: నా స్థానంలో మరొకరు దొరికేదాకా ఉండడానికి సిద్ధమే.

ఫాంగ్ వేలు టీలో ముంచి బల్ల మీద పాముని గీశాడు. పూర్వం చూ రాజ్యంలో పూజ అయ్యాక నౌకర్లకు ఒక కూజా సారా ఇచ్చారట. అందరికీ చాలదు కాబట్టి, నేల మీద ముందుగా పాముని గీసినవాడిదే కూజా అనుకున్నారట. ఒకడు చకచకా గీసేసి, కూజా ఎడమ చేత్తో పట్టుకుని, ఇంకా సమయం ఉంది కదా అని పాముకి కాళ్లు వేయసాగాడు. ఈలోగా రెండోవాడు తన పాముని ముగించి కూజా లాక్కున్నాడు. కాళ్లున్నది పామెలా అవుతుందన్నాడు.

"మర్యాదకి రాశాను భాయ్."

"వాడూ ముచ్చటకే వేశాడు."

యేసురత్నం లేచి మెట్లెక్కాడు. ఉత్తరం ముదీర్ బల్ల మీదే ఉంది. మనిషిని వెతుకుతున్నామనీ, రెండు నెలలు పట్టొచ్చనీ ఆయన తీరిగ్గా చెప్పాడు.

"ఆ చివరి వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను సార్. ఒకటో తారీఖున నేను అక్కడ చేరాలి."

ఆయన తలెత్తి చూసి, ఉత్తరం దగ్గరకు లాక్కున్నాడు. క్షమించమందామని, శుక్రవారాలు వచ్చి కొత్తవాడికి పని నేర్పుతానందామని నాలుక చివరిదాకా వచ్చింది. యేసురత్నం పళ్లు బిగించాడు.

"మొదటే ఇలా రాయొచ్చుగా? నువ్వే ఉంటానంటే నేనెందుకు వద్దంటాను?" అంటూ ఆయన ఆ వాక్యం కొట్టేసి, ఫైల్లోంచి పత్రం తీసి సంతకం పెట్టాడు. "ఖలాస్. ఇంకేమైనా ఉందా?"

"లేదు సార్."

సగం మెట్లు దిగాక, థాంక్స్ అయినా చెప్పలేదని గుర్తొచ్చింది. ఆగాడు. స్టోర్ కిటికీలోంచి ఫాంగ్ ఇటే చూస్తున్నాడు. యేసురత్నం ఒక కాలు పైమెట్టు మీద పెట్టి, కాసేపటికి కిందికి దించాడు.